పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సింగపూర్ చెరలో నాన్నగారు

ప్రశ్న: మా నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లో జపాన్ సైన్యానికి చిక్కి, మూడున్నరేళ్లు చెరలో గడిపి, 1946లో ఇంటికి చేరారు. ఆ సంగతులు ఆయన ఏనాడూ మాతో మాట్లాడలేదు. ఆయనది ‘హైదరాబాద్ రెజిమెంటు’ అని మా మేనత్తగారు అనేవారు. ఆయన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారని బంధువుల్లో కొందరు, చేరలేదని కొందరు వాదిస్తారు. నా దగ్గర ఉన్నవి మూడు పతకాలు, ఉర్దూలో రాసిన ఒక కాగితం మాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ పతకాలను వెనక్కి తిప్పి భూతద్దంతో చూడండి. ఆ యుద్ధపు పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు చెక్కకుండానే ఇచ్చారు కాని, భారతీయ సైనికులకు ఇచ్చిన వాటి మీద సైనికుని నంబరు, హోదా, పేరు, దళం పేరు పొడి అక్షరాలలో ముద్రించారు. నక్షత్రాకారపు పతకమైతే వెనుకవైపు, గుండ్రటిదైతే అంచు మీద అవి కనిపిస్తాయి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. మన పేర్లు ఇంగ్లీషు కాగితాల్లో నాలుగు రకాలుగా కనిపిస్తాయి కనుక, మీ వెతుకులాటకు పేరు కంటే ఆ నంబరే గట్టి ఆధారం.

ఇక ‘హైదరాబాద్’ అన్న మాట దగ్గర చాలామంది దారి తప్పుతారు. మలయా (నేటి మలేసియా ద్వీపకల్పం) యుద్ధంలో ఆ పేరుతో రెండు వేర్వేరు సైన్యాల దళాలు ఉన్నాయి. ఒకటి బ్రిటిష్ ఇండియా సైన్యానికి చెందిన 19వ హైదరాబాద్ రెజిమెంటులోని నాలుగో బెటాలియన్. పేరు మనదే అయినా అందులో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో ఆ రెజిమెంటు కుమావోన్ రెజిమెంటుగా పేరు మార్చుకుంది, దాని కేంద్రం నేటికీ రాణీఖేత్‌లో ఉంది. రెండోది నిజాం సంస్థానపు సొంత సైన్యంలోని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం). 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయా తీరపట్టణం కోట భారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది ఈ దళమే. సంస్థానపు అధికార భాష ఉర్దూ కనుక మీ కాగితం రెండోదాని వైపే మొగ్గుతోంది, అయితే పతకం మీది అక్షరాలు చూడకుండా తీర్మానించవద్దు. అది సంస్థానపు కాగితమే అయితే తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) విచారించండి. చేతిరాత శికస్తా (అక్షరాలు కలిపేసి వేగంగా రాసే గొలుసుకట్టు లిపి) అయితే పాత ఉర్దూ దస్తావేజులు చదివే అలవాటున్న వారికే చూపించండి. తేదీ ఫసలీలో (నిజాం సంస్థానం వాడిన సంవత్సరాల లెక్క) ఉంటే కంగారుపడవద్దు: 1351 ఫసలీ అంటే 1941 అక్టోబరులో మొదలైన సంవత్సరం.

ఆజాద్ హింద్ ఫౌజు విషయంలో మీ బంధువుల రెండు పక్షాలూ నిజమే చెబుతూ ఉండవచ్చు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 17న ఫారర్ పార్కులో సుమారు 45,000 మంది భారతీయ సైనికులను జపాన్ అధికారులకు అప్పగించారు. అక్కడే బ్రిటిష్ ఇండియా సైన్యపు అధికారి మోహన్ సింగ్ ఫౌజుకు పిలుపునిచ్చాడు. చేరినవారిలో కొందరు, అదే ఏడాది డిసెంబరులో ఆయనను జపాన్ వారు నిర్బంధించి తొలి ఫౌజు చెదిరిపోయాక, మళ్లీ బందీలుగా మిగిలిపోయారు. 1943 జూలైలో సుభాష్ చంద్ర బోస్ సింగపూర్ చేరాకే చేరినవారూ ఉన్నారు. అసలు చేరనివారిలో అనేకులను న్యూగినియా వంటి దూర ద్వీపాలకు కూలి పనికి పంపారు. ఒకే మనిషి జీవితంలో ఒకటికి మించిన దశలు ఉండవచ్చు కనుక ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకండి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు ఈ సైనికులను విచారించి, ఫౌజుతో వారికున్న అనుబంధాన్ని బట్టి తెలుపు (విధేయులు), బూడిద (మధ్యస్థులు), నలుపు (ఫౌజుకు గట్టిగా కట్టుబడినవారు) అని మూడు తరగతులు చేశారు. విడుదల పత్రంలో ఆ తరగతి ప్రస్తావన ఉందేమో చూడండి. ఫౌజుకు సంబంధించిన దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ఆ సంస్థ వెబ్‌సైటు ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఇంటి నుంచే సూచికలు వెతకవచ్చు.

జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కూడా యుద్ధఖైదీల వివరాలపై కుటుంబాల అభ్యర్థనలు తీసుకుంటుంది. అయితే ఏడాదిలో కొన్ని విడతలుగా, పరిమిత సంఖ్యలోనే తీసుకుంటుంది కనుక నంబరు, దళం, నాన్నగారి తండ్రి పేరు ముందే రాసి సిద్ధంగా పెట్టుకోండి.