అత్తగారికి చెప్పాల్సిన మాట

చిట్టీ,

రాత్రి నీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆపరేషనైన పదో నెలకే ముప్ఫై కిలోలు దిగావు, నెలసరి కూడా క్రమంలో పడింది. సంతోషమే. కానీ పిల్లల విషయంలో "ఇక ఆలస్యం దేనికి?" అని మీ అత్తగారు అడుగుతుంటే నువ్వు తలూపుతున్నావన్నావు చూడు, అక్కడే నా గుండె ఆగింది. నీకు జరిగింది బరువు తగ్గడానికి పొట్టకు చేసే బైపాస్ అయితే, ఆవిడకి మీరు చెప్పింది అల్సర్ ఆపరేషన్ అని కదా!

ముందు తొందర సంగతి. బైపాస్ తర్వాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. తిన్నది నీకే చాలని రోజులివి, బిడ్డకేం మిగులుతుంది? పీసీఓడీ (అండం సరిగ్గా విడుదలకాని సమస్య) ఉంది, నాలుగేళ్లుగా రాని గర్భం ఇప్పుడేం వస్తుందిలే అనుకోకు. బరువు దిగేసరికి అండం విడుదలవడం మొదలవుతుంది, అనుకోకుండా నెల తప్పినవాళ్లు ఎందరో. గర్భనిరోధక మాత్రలు బైపాస్ అయినవాళ్లకు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు. లూప్ గురించి డాక్టరమ్మని అడుగు. రక్తం తక్కువుందేమో చూసి ఏ రకమో ఆవిడే చెబుతుంది.

ఈలోగా హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మురిసిపోకు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి కూడా చూపించుకో. గర్భం వచ్చాక మూడు నెలలకోసారి మళ్లీ చేయించాలి. ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి నీకు దారి వేశారు, అందుకే మాత్రలు జీవితాంతం. ఐరన్, కాల్షియం కలిపి మింగొద్దు, రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మీద టీ అసలొద్దు (నీకిది చెప్పడం దండగని తెలుసు, అయినా చెబుతున్నా). మల్టీవిటమిన్‌లో విటమిన్ ఏ రెటినాల్ రూపంలో ఉంటే ముందే మార్పించుకో. అది ఎక్కువైతే బిడ్డకు చేటు. ఫోలిక్ ఆసిడ్ ఎంత మోతాదో అడిగి, గర్భం రాకముందే మొదలుపెట్టు.

ఇక దాపరికం. ముప్ఫై ఏళ్లు కాన్పుల వార్డులో చేసినదాన్ని. ఒకమ్మాయి ఏడో నెలలో కడుపునొప్పంటూ వచ్చింది. పక్కనే అత్తగారు ఉన్నారని తనకు బైపాస్ అయిన మాట ఎత్తలేదు. గ్యాసనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాం. తెల్లారేసరికి నొప్పి ఆగలేదు. వాళ్లమ్మ వచ్చి నా చెవిలో చెబితే అప్పుడు సర్జన్ని పిలిపించాం. లోపల పేగు సందులో ఇరుక్కుంది. బైపాస్ అయినవాళ్లకు, గర్భసంచి పెరిగి పేగుల్ని పైకి నెట్టేకొద్దీ, ఆ భయం ఉంటుంది. తల్లీబిడ్డా దక్కారు, కానీ ఆ రాత్రి నాకింకా కళ్లముందే ఉంది. అందుకని నీకు కడుపునొప్పి వస్తే వాము నీళ్లు తాగి కూర్చోకు. "నాకు బైపాస్ అయింది" అన్నదే నీ నోట్లోంచి వచ్చే మొదటి మాట కావాలి.

వాంతులు ఆగకపోయినా అంతే. గ్లూకోజ్ సీసా ఎక్కించేముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి. ఆ సంగతి తెలియనివాళ్లు ఎవరైనా ముందు సీసా పెట్టేస్తారు. ఆరో నెల దగ్గర షుగరు పరీక్షకని గ్లూకోజ్ నీళ్లు తాగమంటారు. నీకు గుండెదడ, చెమటలు పట్టి కళ్లు తిరగొచ్చు. దాని బదులు వారం రోజులు ఇంట్లోనే వేలు గుచ్చి చూసుకుంటానని చెప్పు. కాన్పయ్యాక నొప్పికి డైక్లోఫెనాక్ రాయబోతారు, అది నీకు పడదు, పొట్టలో పుండు పడొచ్చు. బిడ్డ కాస్త చిన్నగా పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఆరో నెల నుంచి నెలనెలా స్కాన్ తప్పించకు. సిజేరియన్ అంటావా, బైపాస్ అయిందన్న ఒక్క కారణానికే అక్కర్లేదు.

మీ అత్తగారు చెడ్డమనిషి కాదు. చలిమిడి చేసి, "ఇద్దరికి సరిపడా తిను" అని ఆప్యాయంగా కంచంలో పెడుతుంది. తెలిసుంటే ఆ చేతులతోనే గుడ్డో, పప్పో, పెరుగో కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెడుతుంది. తెలియకపోతే నువ్వు చాటుగా పారబోస్తావు, ఆవిడ నొచ్చుకుంటుంది.

ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా. చెప్పడానికి నీకు నోరు రాకపోతే నేను పక్కన కూర్చుంటాను, మాట మాత్రం నువ్వే మొదలుపెట్టాలి. డిశ్చార్జి కాగితాలు బీరువా అడుగునుంచి తీసి, ఒక జిరాక్స్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో.

మీ పెద్దమ్మ