మీ ప్రశ్న – మా జవాబు: ఐత్రీ వేశాక తెలుగు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నమస్తే సార్, మాది రాజోలు దగ్గర ఊరండి. ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేస్తుంటాను, శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, దస్తావేజులూ. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడుతున్నా. ఓ పక్క స్కాన్ చేసిన కాగితం, ఇంకో పక్క లిబ్రేఆఫీస్ రైటర్ పెట్టుకుని టైప్ చేద్దామంటే విండోలు సర్దుకోవడంతోనే పొద్దుపోతోంది. మా పిన్ని గారి అబ్బాయి ఐత్రీ (i3) అని విండోలు తనే సర్దే ప్రోగ్రామ్ ఉంది, వేసుకోమంటే వేశా. నల్ల తెర, మెనూ లేదు ఏం లేదు, సరే అని నెట్‌లో ఎవరిదో కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) దించి పెట్టుకుంటే ఇప్పుడు తెలుగు రావట్లేదు. మళ్ళీ పాతదానికే పోమంటారా?

జవాబు: పోవద్దండి. మీరు చేసే పనికి సరిగ్గా సరిపోయేది ఇదే. మన దగ్గర చేలో గట్లు వేసి మడులు చేస్తాం చూడండి, ఐత్రీ తెరని అలాగే ఉన్న విండోలకి పంచేస్తుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు, కొత్తది తెరిస్తే ఉన్నవి జరిగి చోటిస్తాయి. ముందు కాగితం తెరవండి, తర్వాత రైటర్ తెరవండి, రెండూ పక్కపక్కన నిలబడతాయి, మౌస్ ముట్టుకోనక్కర్లేదు.

ముందు ఆ దించుకున్న కాన్ఫిగ్ తీసేయండి. నేనూ మొదట్లో అదే పని చేశా, ఎవరిదో పెద్ద ఫైలు తెచ్చి పెట్టుకున్నా, అందులో తెర అంచున ఉండే బార్ మీద బ్యాటరీ చూపించే లైను లేదు, ఆ సంగతి నాకు తెలీదు, ఓ సాయంత్రం కరెంటు పోయాక అలాగే టైప్ చేసుకుంటూ కూర్చుంటే ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోయి రెండు పేజీల పని పోయింది. ఐత్రీతో మామూలుగా వచ్చే బార్‌లో బ్యాటరీ మొదటి రోజు నుంచీ కనిపిస్తుంది. అందుకే చెప్తున్నా, వాళ్ళిచ్చినదానితో మొదలుపెట్టి, ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడ ఒక్కో లైను మీరే రాసుకోండి.

హోమ్ ఫోల్డర్లో డాట్ కాన్ఫిగ్ (.config) అనే ఫోల్డరు, దాన్లో ఐత్రీ (i3), దాన్లో ఉన్న కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చేసి లాగౌట్ అయి రండి. కొత్త ఫైలు రాయమంటారా అని అదే అడుగుతుంది, ఎంటర్ కొట్టండి, తర్వాత విండోస్ కీ కావాలా ఆల్ట్ కావాలా అంటుంది, విండోస్ కీ తీసుకోండి, ఎందుకంటే ఆల్ట్ రైటర్ మెనూలకి కావాలి. ఇక విండోస్ కీతో ఎంటర్ కొడితే టెర్మినల్, డి కొడితే పైన చిన్న పట్టీ వస్తుంది, ప్రోగ్రామ్ పేరు కొట్టుకోవడమే. షిఫ్ట్ కలిపి క్యూ అంటే విండో మూసేస్తుంది. 1 నుంచి 0 వరకు అంకెలకి పది తెరలు, శుభలేఖ ఒకదాన్లో, ప్రశ్నపత్రం ఇంకోదాన్లో. మొదటివారం ఇవి చాలండి.

ఇప్పుడు తెలుగు సంగతి. భాష మార్చి టైప్ చేయనిచ్చే ఐబస్ (ibus), దానితోపాటు కీబోర్డులుండే ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీ వేసుకోండి, మీలాంటి డీటీపీ వాళ్ళ చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు ఉంది అందులో, ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ కూడా ఉన్నాయి. ఐఎం-కాన్ఫిగ్ (im-config) అనే ప్రోగ్రామ్ నడిపి ఐబస్ ఎంచుకుని మళ్ళీ లాగిన్ అవ్వండి. అయినా తెలుగు రాలేదనిపిస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు చిక్కేంటంటే ఐబస్‌లో భాష మార్చే కీ విండోస్-స్పేస్, ఐత్రీలో అదే విండోస్-స్పేస్ విడిగా పైన తేలే (ఫ్లోటింగ్) విండోల నుంచి మామూలు విండోలకి మారడానికి పెట్టారు, కాబట్టి మీరు ఎన్నిసార్లు నొక్కినా ఆ నొక్కుడు ఐత్రీయే పట్టేసుకుంటుంది, ఐబస్ దాకా చేరదు. ఐబస్-సెటప్ తెరిచి, జాబితాలో మీ తెలుగు కీబోర్డు చేర్చి, ఆ కీని కంట్రోల్-స్పేస్‌గా మార్చండి, అక్కడితో సరి.

వెలుతురు తగ్గించే కీలు పనిచెయ్యకపోతే బ్రైట్‌నెస్‌సీటీఎల్ (brightnessctl) ప్యాకేజీ వేసి కాన్ఫిగ్‌లో రెండు లైన్లు రాసుకోవాలి. ఏ లైను రాసినా విండోస్-షిఫ్ట్-సి కొట్టండి, తప్పుంటే పైన ఎర్ర పట్టీ వస్తుంది, అందులోంచే ఏ లైను తప్పో చూడొచ్చు, భయపడక్కర్లేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈని మాత్రం తీసెయ్యొద్దు. లాగిన్ దగ్గర ఏది కావాలో ఎంచుకోవచ్చు, పెళ్ళిళ్ళ సీజన్లో పని ఒత్తిడిగా ఉన్న రోజు పాతదాన్లోకే వెళ్ళండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసే పని ఉంటే అది విండోస్ మెషిన్ మీదే ఉంచుకోండి, ఇక్కడికి లాక్కురావద్దు.

ప్రశ్న: భీమవరంలో బీటెక్ చదువుతున్నాను సార్. ఐత్రీ నేర్చుకోనా, స్వే నేర్చుకోనా?

జవాబు: ఏది నేర్చుకున్నా రెండోది వచ్చేస్తుంది నాన్నా. ఐత్రీ 2009 నుంచీ ఉంది, లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే పాత పద్ధతి ఎక్స్ మీద నడుస్తుంది, స్వే (Sway) దాన్నే కొత్త పద్ధతి వేలాండ్ మీదకి తెచ్చిన పని, 1.0 వచ్చింది 2019లో. ఐత్రీ కాన్ఫిగ్ ఫైలుని అలాగే స్వే ఫోల్డర్లో పెట్టినా చాలామటుకు నడుస్తుంది, తెర సర్దే ఎక్స్‌రాండర్, కీబోర్డు సర్దే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లాంటి లైన్లు మాత్రం పనిచేయవు, వాటి బదులు అవుట్‌పుట్, ఇన్‌పుట్ అని రాసుకోవాలి. నీ ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డు ఉండి వాళ్ళ సొంత డ్రైవరే వాడుతుంటే ఐత్రీతో మొదలుపెట్టు, స్వే తయారుచేసేవాళ్ళు ఆ డ్రైవర్‌కి సపోర్ట్ ఇవ్వరు.