బొంత అంచుకు పరికరాలు కొనాలా, ఉన్నవాటితో కుట్టుకోవాలా?

ప్రశ్న: బొంతలు కుట్టడం మొదలుపెట్టి ఏడాదైంది. ముక్కలు అతకడం, మధ్యలో దూది పొర పెట్టి మూడూ కలిపి కుట్టడం బాగానే వస్తున్నాయి. కానీ ఆఖర్న చుట్టూ అంచును కప్పే బైండింగ్ పట్టీ వేసేటప్పుడే టెన్షన్. మూలలు గుండ్రంగా వస్తున్నాయి, పట్టీ మొదలూ చివరా కలిసే చోట ఉబ్బెత్తుగా ఉంటోంది, అంచు అలలు అలలుగా లేస్తోంది. బైండర్ ఫుట్, బయాస్ టేప్ మేకర్, పట్టీ చివర్లు కలిపే స్కేలు, మూలలకు ఇంకో స్కేలు అని వీడియోల్లో చూపిస్తుంటే అన్నీ కొనేయాలనిపిస్తోంది. ఇప్పుడు నా చేతిలో ఉన్న బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఏది కొనాలో ఏది వద్దో సూటిగా చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: సూటిగానే చెబుతాను. మీరు రాసిన వాటిలో ఇప్పుడు ఏదీ కొనకండి. మీ డబ్బు వాకింగ్ ఫుట్ (పై పొరల్ని కూడా కింది గుడ్డతో పాటు జరిపే మిషన్ ఫుట్) మీద పెట్టండి, ఇంకా మిగిలితే పట్టీని అంచుకు పట్టి ఉంచే క్లిప్పులు ఒక పాతిక తెచ్చుకోండి. ఎందుకంటున్నానో చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకపోతే రేపు ఇంకో వీడియో చూసి మళ్ళీ మనసు మారుతుంది.

మీకు వచ్చిన ఇబ్బందులు మూడు: మూల, అతుకు, అల. ఇప్పుడు ఆ పరికరాలు చేసే పని చూడండి. టేప్ మేకర్ గుడ్డను మడుస్తుంది. బైండర్ ఫుట్ గుడ్డను మడిచి అంచుకు చుడుతుంది. మడవడం మీకు కష్టమని మీరు ఎక్కడా రాయలేదు, ఎవరికీ అది కష్టం కాదు కూడా. బొంత చుట్టూ నాలుగు మూలలు, ఒక అతుకు, మొత్తం అయిదు చోట్ల పని కష్టం, ఆ అయిదు చోట్లా ఆ పరికరాలు ఆగిపోయి పని మళ్ళీ మీ చేతికే వస్తుంది.

టేప్ మేకర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ముందు దాన్నే కొంటారు. అది ఒక చిన్న రేకు గరాటు లాంటిది. వెనక నుంచి పట్టీ దూర్చి ముందుకు లాగితే రెండు పక్కల అంచులూ లోపలికి మడుచుకుని వస్తాయి, మీరు వెంటనే ఇస్త్రీ పెట్టాలి. 25 మిల్లీమీటర్లది అంటే మడత పడ్డాక వచ్చే వెడల్పు అది, పట్టీ దానికి దాదాపు రెట్టింపు కత్తిరించుకోవాలి. బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ బొంతలకు మనం ఎక్కువగా వేసేది రెండు పొరల బైండింగ్. రెండున్నర అంగుళాల పట్టీని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తాం, అంతే, పక్కలు లోపలికి మడిచే పనే లేదు. అంటే టేప్ మేకర్ చేసే మడత మీ బొంతకు అవసరమే లేదు!

ఆ సగం మడత కూడా త్వరగా అయిపోవాలంటే ఒక పొడవాటి గుండుసూది చాలు. ఇస్త్రీ బల్ల మీది గుడ్డలో సూదిని గుచ్చి పైకి తీసి, అంగుళంపావు దూరం బల్ల మీదుగా పోనిచ్చి మళ్ళీ గుచ్చండి. పట్టీ కొసను సగానికి మడిచి ఆ సూది కింద నుంచి దూర్చి, ఇవతల నుంచి మెల్లగా లాగుతూ ఉంటే మడత దానంతట అదే పడుతుంది, సూది దాటి వచ్చిన భాగం మీద ఇస్త్రీపెట్టె ఉంచితే సరి. సూది తల ప్లాస్టిక్‌ది అయితే వేడికి కరిగి గుడ్డకు అంటుకుంటుంది, గాజు తలో ఇనుప తలో ఉన్నది వాడండి. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

ఇక బైండర్ ఫుట్. ఇది నేను కొన్నాను. ఏప్రన్లు, చిన్నపిల్లల బిబ్బులు, ఒకటి రెండు పొరల గుడ్డ అంచులు, వీటికి అది చాలా మంచి వస్తువు. బొంతకు పెట్టినప్పుడు మాత్రం దూది ఉన్న అంచు ఆ సందులోకి సరిగ్గా దూరలేదు, నేను చేత్తో తోస్తూ 80 అంగుళాల పక్కంతా కుట్టుకుంటూ పోయాను. పైన చూస్తే కుట్టు గీత గీసినట్టు ఉంది. తిప్పి చూస్తే మధ్యలో జానెడు జానెడు మేర కింది పట్టీ కుట్టులో పడనే లేదు. ఆ కుట్టంతా విప్పడానికి ఒక సాయంత్రం పట్టింది, విప్పేటప్పుడు అంచు సాగి అల కూడా వచ్చింది. పైగా మూల దగ్గరికి రాగానే ఫుట్ పట్టీని తిప్పలేదు, అంచు దాటి కుట్టి, బయటికి తీసి, మూల మడత చేత్తో వేసి, మళ్ళీ ఫుట్‌లోకి ఎక్కించాలి. నాలుగు సార్లు ఆ పని చేసే సమయంలో మామూలుగా కుడితే ఒక పక్క పూర్తవుతుంది.

మీ బొంత లెక్క వేద్దాం. చుట్టుకొలత 280 అంగుళాలు, మూలలకూ అతుకుకూ కలిపి ఇంకో 12, మొత్తం 292. గుడ్డ వెడల్పులో 40 అంగుళాలు వాడుకోవచ్చు అనుకుంటే ఏడు పట్టీలు 280 అంగుళాలే, చాలవు, ఎనిమిది కావాలి, పైగా పట్టీలను ఐమూలగా అతికే ప్రతి చోటా రెండున్నర అంగుళాలు పోతుంది. ఎనిమిది పట్టీలకు 20 అంగుళాల గుడ్డ. కత్తిరించేటప్పుడు గుడ్డ మడత సరిగ్గా లేకపోతే పట్టీ విప్పాక మధ్యలో వంకర వస్తుంది, కాబట్టి నాలుగైదు పట్టీలు కోయగానే ఒకసారి విప్పి చూసుకోండి. పట్టీ వెడల్పు అంతటా ఒకటిగా ఉండటం ఏ పరికరం కన్నా ముఖ్యం. పట్టీలు అతికేటప్పుడు మంచివైపులు ఎదురెదురుగా, ఒకదానికొకటి లంబంగా పెట్టి మూల నుంచి మూలకు కుట్టి, పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించి, అతుకును రెండు వైపులా విడదీసి ఇస్త్రీ చేయండి. నేరుగా అతికితే పొరలన్నీ ఒకే చోట పడి బుడిపెలా లేస్తుంది, ఐమూలగా అతికితే ఆ మందం పరుచుకుంటుంది. ప్రతిసారీ గీత గీసుకోవడం విసుగనిపిస్తే సూది ఎదురుగా మిషన్ బల్ల మీద నిటారుగా ఒక కాగితపు టేపు అంటించండి, పట్టీ కింది మూల ఆ టేపు మీద నడుస్తూ ఉంటే కుట్టు తిన్నగా ఐమూలగానే పడుతుంది.

మూల గుండ్రంగా ఎందుకు వస్తోందంటే, మీరు ఆగాల్సిన చోట ఆగడం లేదు. అంచు నుంచి ఎంత దూరంలో కుడుతున్నారో మూలకు సరిగ్గా అంతే దూరం ఉండగా ఆగాలి, పావు అంగుళం కుట్టయితే పావు అంగుళం ముందు. ఆ చోట చాక్‌తో చుక్క పెట్టుకోండి, కంటి అంచనా వద్దు. ఆగి, వెనక్కి రెండు కుట్లు వేసి, దారం తెంచి, బొంతను తిప్పండి. పట్టీని నిటారుగా పైకి మడిస్తే ఏటవాలు మడత ఒకటి పడుతుంది, దాన్ని వేలితో నొక్కి పట్టుకుని పట్టీని మళ్ళీ కిందికి దించండి. దించినప్పుడు పడే మడత బొంత పై అంచుతో సమానంగా ఉండాలి, ఒక నూలుపోగంత కూడా లోపలికో బయటికో పోకూడదు. అక్కడి నుంచి, అంచు మొదలు నుంచే, కుట్టు మొదలుపెట్టండి. ఇంకో మాట, మూల దగ్గర దూది ఎక్కువుందని కత్తిరించేస్తున్నారేమో చూసుకోండి, మూల లోపల ఖాళీ ఉంటే ఎంత బాగా మడిచినా గుండ్రంగానే కూలిపోతుంది.

పట్టీ చివర్లు కలిపే స్కేలు కొలత చూపిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు, ఆ కొలత మీ చేతిలోనే ఉంది. మొదట్లో పది అంగుళాల పట్టీ కుట్టకుండా వదలండి, చివర్లో కూడా అంతే వదలండి, మధ్యలో పన్నెండు అంగుళాల మేర బొంత అంచు కుట్టకుండా ఉంటుంది. రెండు కొసల్నీ అంచు వెంట పరిచి ఒకదాని మీద ఒకటి వేయండి. పట్టీ ఎంత వెడల్పు కత్తిరించారో అంత మేర ఒకదాని మీదికి ఇంకోటి రావాలి, మిగతాది కోసేయాలి. స్కేలు తీయనక్కర్లేదు, పట్టీ చివర్న ముందే ఒక తుంపు కోసి ఉంచుకుని దాన్ని విప్పి అక్కడ అడ్డంగా పెడితే అదే కొలత. తర్వాత రెండు కొసలూ విప్పి, మంచివైపులు కలిపి, లంబంగా పెట్టి పిన్ను గుచ్చి, కుట్టే ముందు పట్టీ మెలిపడిందేమో ఒకసారి చూసి, ఐమూలగా కుట్టండి. సరిగ్గా సరిపోయిందని తేలాకే కొసలు కత్తిరించండి. బొంత బరువుకి కొసలు అందకుండా లాగేస్తుంటే ఆ భాగాన్ని మడిచి ఒక క్లిప్పు పెట్టుకోండి, చేతులకు వదులు దొరుకుతుంది.

మిగిలింది అల. ఇక్కడే వాకింగ్ ఫుట్ కావాలి. మామూలు ఫుట్ కింద అడుగు గుడ్డను మిషన్ పళ్ళు ముందుకు తోస్తాయి, పైనున్న పట్టీ, దూది మాత్రం ఫుట్ ఒత్తిడికి వెనకబడతాయి. 80 అంగుళాలు పోయేసరికి ఆ కాస్త కాస్త తేడా పోగుపడి అల లేస్తుంది. వాకింగ్ ఫుట్‌కు పైన కూడా పళ్ళుంటాయి, సూది బిగించే స్క్రూ మీద దాని కొక్కెం కూర్చుంటుంది, సూది లేచినప్పుడల్లా పై పొరల్ని కూడా ముందుకు జరుపుతుంది. బైండింగ్‌కే కాదు, బొంత మధ్యలో తిన్నటి గీతల కుట్టుకి కూడా అదే వాడతారు కాబట్టి ఊరికే పడి ఉండదు. కొనేముందు మీ మిషన్‌కు సరిపోయేదేనా అని చూసుకోండి, ఫుట్ తగిలించే కడ్డీ పొట్టిదీ పొడుగుదీ రెండు రకాలుంటాయి. పట్టీ వేసే ముందు బొంత చుట్టూ అంచుకు బాగా దగ్గరగా ఒక కచ్చా కుట్టు వేసుకుంటే మూడు పొరలూ కదలవు. పట్టీని లాగుతూ కుట్టకండి, అది బొంత మీద ఊరికే పడుకుని ఉండాలి.

క్లిప్పుల గురించి ఒక్క ముక్క: పిన్నులు మందపు అంచును వంకర తిప్పుతాయి, చేతికి గుచ్చుకుంటాయి, క్లిప్పులకు ఆ బాధ లేదు. బొంత చుట్టూ పెట్టనక్కర్లేదు, అయిపోయిన చోటి నుంచి తీసి ముందుకు పెట్టుకుంటూ పోవచ్చు. జుట్టుకి పెట్టుకునే చదును క్లిప్పులున్నా చాలు.

ప్రశ్న: నా బొంత అంచు తిన్నగా కాకుండా వంపులు వంపులుగా ఉంటుంది. దీనికైనా టేప్ మేకర్ కొనాలా? ఇంకో సంగతి, అడుగు గుడ్డనే ముందుకు మడిచి కుట్టేస్తే పట్టీ అవసరమే ఉండదంటున్నారు, నిజమేనా?
– మరో పాఠకురాలు

జవాబు: వంపులకు కావలసింది క్రాస్ పట్టీ. గుడ్డను ఐమూలగా కోస్తే అది సాగుతుంది, వంపు చుట్టూ ముడత లేకుండా తిరుగుతుంది. తిన్నగా కోసిన పట్టీని వంపుకు వేస్తే ఎంత నేర్పున్నా ముడతే. టేప్ మేకర్‌కు ఈ తేడా తెలియదు, మీరు ఏ పట్టీ పెడితే దాన్నే మడిచిస్తుంది. అయితే వంపులకు రెండు పొరలు మందమనిపించి ఒక్క పొర పట్టీ వేసేవాళ్ళున్నారు, అలాంటివే మీరు తరచూ కుడుతుంటే టేప్ మేకర్ కొనండి, పనికొస్తుంది, పెద్ద ఖర్చు కాదు కూడా. కరెంటుతో నడిచే పెద్ద టేప్ మేకర్లు మాత్రం గజాల కొద్దీ పట్టీ చేసి అమ్మేవాళ్ళకు, ఏడాదికి రెండు మూడు బొంతలకు కాదు.

క్రాస్ పట్టీకి ఇంకో గుణం ఉంది. బొంత ముందు అరిగేది అంచే. తిన్నటి పట్టీలో మడత వెంట ఒకే పోగు పొడుగునా పోతుంది, అది అరిగితే అంచు బారునా చిట్లుతుంది. క్రాస్ పట్టీలో పోగులన్నీ మడతను అడ్డంగా దాటుతాయి, ఒకటి పోయినా మిగతావి పట్టి ఉంచుతాయి. రోజూ కప్పుకుని తరచూ ఉతికే బొంత అయితే తిన్నటి అంచుకైనా క్రాస్ వేయడం మంచిదే, గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది.

అడుగు గుడ్డ మడిచే పద్ధతి నిజమే. చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచి, సగం మడిచి, మళ్ళీ మడిచి పైన కుట్టేయడం. గోడకు వేలాడదీసేవాటికి, చిన్నవాటికి బాగుంటుంది. వాడకం బొంతకు నేను వేయను. అంచు మీద ఒకే పొర ఉంటుంది, అది అరిగితే అడుగు గుడ్డే చిరిగినట్టు. పట్టీ అయితే విప్పి కొత్తది వేసుకోవచ్చు.

ప్రశ్న: వేళ్ళ నొప్పుల వల్ల వెనకవైపు చేత్తో హెమ్మింగ్ చేయలేకపోతున్నాను. ఏదైనా పరికరం ఉందా?
– ఇంకొక పాఠకురాలు

జవాబు: పరికరం అక్కర్లేదు. మామూలుగా పట్టీని ముందువైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో కుడతాం, ఆ వరస మార్చండి. పట్టీని మొదట బొంత వెనకవైపు కుట్టి, ముందువైపుకి తిప్పి, మడత అంచుకు ఆనించి మిషన్ మీదే కుట్టేయండి. చూపుకి కనిపించే కుట్టు ముందువైపు మీ కళ్ళెదుట పడుతుంది కాబట్టి తిన్నగా వస్తుంది, వెనక కొంచెం అటూ ఇటూ అయినా ఎవరికీ కనపడదు. క్లిప్పులు నొక్కడం కూడా వేళ్ళకు కష్టమైతే ఉతికితే పోయే తెల్లటి స్కూలు జిగురును కుట్టు లోపలి భాగంలో సన్నగా, దారంలా రాసి, పట్టీ అతికించి, ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆరి అంటుకుంటుంది. జిగురు మందంగా రాస్తే సూదికి పట్టుకుంటుంది, ఉతికినా పోని రకమైతే అంచు అట్టలా అవుతుంది, కాబట్టి ముందు ఒక పేలిక మీద రాసి, ఆరబెట్టి, ఉతికి చూసుకోండి. ఇలా కుట్టిన బొంత చేత్తో హెమ్మింగ్ చేసినదాని కన్నా ఉతుకులకు గట్టిగా నిలుస్తుంది, పిల్లల బొంతలకు నేను కావాలనే ఈ పద్ధతిలో కుడతాను.