ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావడం లేదు

ప్రశ్న: మా అబ్బాయి, నేను కలిసి ఇంట్లోనే కంప్యూటర్ బిగించాం. ప్రాసెసర్ రైజెన్ 5 7600, మదర్‌బోర్డు బీ650, డీడీఆర్5 రకం ర్యామ్ (మెమరీ) ముక్కలు రెండు. ఫ్యాన్లు తిరుగుతాయి గానీ బొమ్మ రాదు. బోర్డు మీద పసుపు లైటు ఆరడం లేదు. బోర్డు పోయినట్టేనా?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: అప్పుడే బోర్డును తిట్టకండి. ఆ లైటు పక్కన సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో 'డీర్యామ్' (DRAM) అని ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే గొడవ ర్యామ్ దగ్గరే. ఈ రకం బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. కంగారుపడి మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట వదిలేయండి. అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి, ఒక్క ర్యామ్‌నే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో 'టక్'మనేదాకా నొక్కండి. విరుగుతుందేమోనని చాలామంది సగమే నొక్కుతారు. రెండో ర్యామ్‌తోనూ ఇదే తంతయితే బిల్లు పట్టుకుని షాపుకెళ్లండి.