ఆన్‌లైన్ కోర్సుకి ఏఐ చాట్‌బాట్ పెట్టొచ్చా? మా రొయ్యల కోర్సులో ఏం జరిగిందంటే

"తెలుగులో ఆన్‌లైన్ కోర్సు నడుపుతున్నాను. ఏఐ చాట్‌బాట్ కలిపితే కోర్సు చివరిదాకా చూసేవాళ్ళు పెరుగుతారా? పెట్టిన ఖర్చుకి ఫలితం ఉంటుందా?" అని అడిగారు మీరు.

పెట్టండి. కాకపోతే అది పెట్టాక మీ పని తగ్గుతుందని ఎవరన్నా చెబితే మాత్రం నమ్మకండి. నాకు రోజుకి గంటన్నర పని పెరిగింది. ఆ గంటన్నర పెట్టలేనివాళ్ళు చాట్‌బాట్ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మాది ఆకివీడు దగ్గర. ఇరవై రెండేళ్ళు హేచరీల్లోనూ (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట్లు) చెరువుల మీదా పనిచేశాను. 2009లో మన దేశంలో వనామి రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఉండి, కాళ్ళ, భీమవరం చుట్టుపక్కల సార్వా, దాళ్వా పండిన చేలు ఎంత తొందరగా చెరువులైపోయాయో కళ్ళారా చూశాను. చెరువులు తవ్వే పొక్లెయిన్లు వచ్చినంత వేగంగా చెరువు చెయ్యడం నేర్పే మనుషులు రాలేదండి. రైతుకి సలహా చెప్పేది మందుల షాపాయన. ఆయన దగ్గర ఏ బకెట్ మీద మార్జిన్ ఎక్కువుంటే ఆ రోజు రొయ్యకి ఆ జబ్బే ఉంటుంది. ఈ బాధతోనే ముగ్గురం కలిసి తెలుగులో 34 వీడియో పాఠాలు తీశాం. నీళ్ళ గుణం, సీడ్ (రొయ్య పిల్లలు) ఎంచుకోవడం, మేత, మేత తింటోందో లేదో తెలుసుకోవడానికి చెరువులో దించే చెక్ ట్రే చూడటం, జబ్బులు, చివర్లో రొయ్య పట్టే పట్టుబడి అన్నీ వాటిలో ఉన్నాయి.

చాట్‌బాట్ 2024 జూన్‌లో కలిపాం. వాట్సాప్ గ్రూపులో రాత్రిళ్ళు వచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పలేక కలిపాం. దాన్ని కట్టిచ్చినవాళ్ళు పాఠాలన్నీ టైపు చేయించి, చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి పెట్టారు. ఎవరన్నా ప్రశ్న అడిగితే దానికి దగ్గరగా ఉన్న ముక్కల్ని వెతికి తీసి, భాషా మోడల్‌కి (మనిషిలా వాక్యాలు రాసే ఏఐ ప్రోగ్రాంకి) అందించి, వీటిలో ఉన్నదే చెప్పమంటారు. అంతే. దానంతట అది చెరువు గురించి నేర్చుకున్నదేమీ లేదు. మొదటి నాలుగు నెలలూ జనం తెగ మెచ్చుకున్నారు. మేం ముగ్గురం హాయిగా నిద్రపోయాం. ఆ నిద్రే తప్పు.

అక్టోబరులో ఒక వారం ముసురు పట్టింది. మా కోర్సులో చేరిన ఒక కుర్రాడు, డిగ్రీ అయ్యాక తండ్రితో పాటు రెండెకరాల చెరువు చూసుకుంటున్నవాడు, రాత్రి రెండు గంటలకి టార్చి వేసుకుని గట్టు మీద తిరుగుతున్నాడు. సీడ్ వేసి డెబ్బై రోజులు. అరవై కౌంట్ దగ్గరికి, అంటే కేజీకి అరవై తూగేదాకా వచ్చింది రొయ్య. కరెంటు బిల్లు భయంతో నీళ్ళకి గాలి పట్టించే నాలుగు ఏరియేటర్లలో రెండే తిప్పుతున్నారు. టార్చి వెలుగులో చూస్తే రొయ్య గట్టు వారకి వచ్చి తేలుతోంది. వీడు ఫోన్ తీసి మా చాట్‌బాట్‌ని నోటితోనే అడిగాడు: "రొయ్య గట్టుకొచ్చేసింది, తేలుతోంది, ఏం చెయ్యాలి?"

ఆ జవాబు తర్వాత నేను కనీసం యాభైసార్లు చదివుంటాను. "మీ ప్రశ్నకు ధన్యవాదాలు" అని మొదలుపెట్టి ఎనిమిది అంశాలు వరసగా ఇచ్చింది. మొదటిది, నీటి పీహెచ్ పరీక్షించండి. రెండోది, అమ్మోనియా పరీక్షించండి. తర్వాత చెక్ ట్రేలో మేత మిగిలిందేమో చూడండి, పేగు రంగు చూడండి, పెంకు మెత్తబడిందేమో చూడండి. ఏరియేటర్ల మాట ఆరోదిగా వచ్చింది. ఎనిమిదోది, నిపుణులను సంప్రదించండి.

వాడు శ్రద్ధ గల పిల్లాడు. మొదటి అంశం నుంచి మొదలుపెట్టాడు. పాకలోకెళ్ళి టెస్ట్ కిట్ తెచ్చి, సీసాలో నీళ్ళు ముంచి, చుక్కలు వేసి, రంగు కాగితం పక్కన పెట్టి టార్చి వెలుగులో పోల్చుకుంటున్నాడు. పాతిక నిమిషాలు అలా పోయాయి. అలికిడికి తండ్రి లేచి వచ్చి నీళ్ళ వంక ఒక్క చూపు చూశాడు. "ఏంట్రా చూస్తన్నావ్? గాలి చాలట్లేదురా దానికి!" అంటూ స్టార్టర్ దగ్గరికి పరుగెత్తి మిగతా రెండు ఏరియేటర్లూ వేశాడు.

తెల్లారి ఐదున్నరకి నాకు ఫోనొచ్చింది. వెళ్ళేసరికి వల వేసి అడుగున చచ్చిన రొయ్యని లాగుతున్నారు. బతికున్నదాన్ని ఆ రోజే పట్టుబడి చేసేశారు, వచ్చిన రేటుకి. ఆ కుర్రాడు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "మీ కోర్సులోదే కదా మాస్టారూ, వరస తప్పకూడదనుకున్నాను" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లులా ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ఎనిమిది అంశాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అన్నీ మా పాఠాల్లోవే. చాట్‌బాట్లు లేనివి కల్పించి చెబుతాయని అందరూ భయపడతారు, ఆ భయం న్యాయమే. కానీ ఆ చెరువుని ముంచింది కల్పన కాదు, వరస. మబ్బు రోజున నాచు చేసే ఆక్సిజన్ తక్కువ. చీకటి పడ్డాక అసలు చెయ్యదు. రాత్రంతా నాచూ, రొయ్యా, అడుగు మట్టీ అన్నీ కలిసి ఆ కొంచెమూ వాడేస్తుంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కిందికి దిగితే వనామికి గండమే. అలాంటప్పుడు పరీక్షలు తర్వాత. ముందు గాలి. ముప్ఫై ఏళ్ళు గట్టు మీద పడుకున్నవాడికి ఇది ఒంట్లో ఉంటుంది. మా ముక్కల్లో లేదు, ఎందుకంటే పాఠం రాసింది మేం పగటిపూట, కుర్చీలో కూర్చుని.

ఇంకో లోపం అంతకన్నా సిగ్గుపడాల్సింది. మా పాఠం పేరు "ద్రావిత ఆక్సిజన్ లోపం". గోదావరి జిల్లాల్లో ఏ రైతన్నా ఆ మాట అంటాడా? "గాలి చాలట్లేదు" అంటాడు, "రొయ్య తేలింది" అంటాడు. వెతికే యంత్రానికి ఈ రెండు మాటలూ ఒకటేనని చెప్పినవాళ్ళు లేరు. "తేలుతోంది" అంటే జబ్బుల పాఠాలు పట్టుకొచ్చింది.

ఆ రోజు సాయంత్రం కూర్చుని, నాలుగు నెలలుగా దాన్ని ఎవరేం అడిగారో మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. పందొమ్మిది వందల పైచిలుకు ప్రశ్నలు. మూడు రాత్రులు పట్టింది. చదువుతుంటే మా కోర్సు మీద నాకున్న నమ్మకమంతా కదిలిపోయింది. "యాభై కౌంట్‌కి మేత ఎంత?" అని అడిగితే, కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క అని తెలియక, చెరువులో యాభై రొయ్యలున్నాయనుకుని గ్రాముల్లో చెప్పింది. "ఉప్పుటేరు నీళ్ళు పెట్టొచ్చా?" అంటే, కొల్లేరు నుంచి సముద్రానికి పోయే ఏరు పేరని తెలియక, ఉప్పు నీళ్ళ గురించి ఉపన్యాసం ఇచ్చింది. "చెరువు ఎండగట్టాలా?" అంటే, అడిగేది రొయ్యల చెరువు గురించని తెలియక, ఊరి చెరువు పూడిక గురించి మాట్లాడింది.

వాటికంటే నన్ను ఎక్కువ కుదిపినవి వేరే ఉన్నాయి. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఒక రైతు రాత్రి పదకొండింటికి అడిగాడు, పీపీఎం అంటే ఏమిటని. మా మీటింగులన్నిట్లో ముందు వరసలో కూర్చుని తలూపే మనిషి ఆయన. మేం 34 పాఠాల్లోనూ "ఇన్ని పీపీఎం వెయ్యండి" అని చెబుతూనే ఉన్నాం, ఒక్కచోటా విప్పి చెప్పలేదు. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళుంటే ఒక పీపీఎం అంటే సుమారు నాలుగు కేజీలు. ఇంతే కదండీ లెక్క! ఇది తెలియక జనం షాపాయన చెప్పినన్ని బకెట్లు పోస్తున్నారు. ఇంకొక ఆవిడ, భర్త గల్ఫ్‌లో ఉంటే చెరువు తనే చూసుకుంటోంది, రోజూ రాత్రి తొమ్మిది దాటాక నాలుగైదు ప్రశ్నలు అడిగేది. ఒకచోట రాసింది: "ఇవి గట్టు మీద మగాళ్ళ ముందు అడిగితే చెరువు ఎందుకమ్మా నీకు అంటారు."

1966లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజన్‌బామ్ ఎలైజా అనే, మనిషితో మాట్లాడే చిన్న ప్రోగ్రాం రాస్తే, అదెలా పనిచేస్తుందో తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ కాసేపు గదిలోంచి బయటికి వెళ్ళమని ఆయన్ని అడిగిందట. ఆయనకి అది భయం కలిగించింది. నాకు మాత్రం ఆవిడ మనసు అర్థమవుతుంది. ఎదుటి మనిషి మొహంలో వెటకారం కనబడని చోట మనవాళ్ళు అడుగుతారు. క్లాసులో అడగరు, వాట్సాప్ గ్రూపులో అసలే అడగరు. చాట్‌బాట్ వల్ల లాభం ఏదన్నా ఉందంటే, అది ఇచ్చే జవాబుల కంటే మీకు దొరికే ఈ ప్రశ్నల్లోనే ఎక్కువ ఉంది. కోర్సులు అమ్మేవాళ్ళు మాత్రం చాట్‌బాట్‌కి ఆడపిల్ల పేరొకటి, నవ్వు మొహమొకటి పెట్టి, ప్రశ్నల చిట్టా వైపు కన్నెత్తి చూడరు. దీనికి నాకు చాలా కోపం వస్తుంది.

మేం మార్చినవి చెబుతాను. గండం మాటలు పద్నాలుగు రాసుకున్నాం: తేలింది, గట్టుకొచ్చింది, గాలి చాలట్లేదు, కరెంటు పోయింది, ఒకేసారి చచ్చిపోతోంది, ఇలాంటివి. వీటిలో ఏది వినబడినా మోడల్ దాకా వెళ్ళదు. "ఏరియేటర్లన్నీ వెయ్యండి, మేత ఆపండి, ఫోన్ చెయ్యండి" అని మూడు ముక్కలే వస్తాయి, కింద మా ముగ్గురిలో ఆ రాత్రి వంతు ఎవరిదో వాళ్ళ నంబరు. ప్రతి పాఠం పక్కనా రైతు మాటలు రాసిపెట్టాం. యాంటీబయాటిక్ ఏది వెయ్యాలని అడిగితే పేరు చెప్పదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యల పెంపకంలో నిషేధం, వాటి జాడ దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. పాఠంలో దగ్గరి ముక్క దొరక్కపోతే "ఇది నాకు తెలియదు, మాస్టార్లకి పంపాను" అంటుంది.

ఈ చివరిది మా సొంత తెలివేమీ కాదు. 2016లో అమెరికాలో జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ గారు తన ఆన్‌లైన్ క్లాసులో జిల్ వాట్సన్ అనే ఏఐ సహాయకురాలిని పెట్టారు. మూడొందల మంది విద్యార్థులు, ఒక్కో సెమిస్టరుకి పదివేల దాకా సందేశాలు. తన జవాబు సరైనదని 97 శాతం నమ్మకం కుదిరితేనే అది జవాబిచ్చేది, మిగతావి మనుషులు చూసుకునేవారు. పదేళ్ళ కిందట వాళ్ళు పాటించిన ఆ కట్టుబాటు ఇవాళ కోర్సులకి చాట్‌బాట్ కట్టిచ్చేవాళ్ళలో నాకు కనబడదు. దేనికైనా సమాధానం చెప్పేస్తుందని గొప్పగా చెప్పుకుంటారు. మాకు మొదట కట్టిచ్చినవాళ్ళూ అంతే. "తెలియదు" అనేలా చెయ్యమంటే "యూజర్లు వెళ్ళిపోతారండి" అన్నారు.

ఖర్చు గురించి అడిగారు కదా. తెలుగుకి ఎక్కువే అవుతుంది. ఈ మోడళ్ళు వాడకాన్ని టోకెన్లలో, అంటే మాటల్ని విరగ్గొట్టిన చిన్న ముక్కల్లో లెక్క కడతాయి. అదే అర్థం ఉన్న ఇంగ్లీషు వాక్యం కన్నా తెలుగు వాక్యం ఎక్కువ టోకెన్లు తింటుంది. ఇంగ్లీషు ధర చూసి లెక్క వేసుకుంటే నెలాఖరుకి దెబ్బ తింటారు. నోటితో అడిగే సౌకర్యం పెట్టకపోతే మా దగ్గర సగంమంది అడగనే అడగరు, దానికి వేరే ఖర్చు. మన యాసలో మాట్లాడితే అది ఒక్కోసారి తప్పు రాసుకుంటుంది కూడా. అందుకే విన్నది తెరమీద చూపించి "ఇదేనా మీరడిగింది?" అని అడిగించాకే జవాబు ఇప్పించండి.

కోర్సు చివరిదాకా చూసేవాళ్ళు పెరుగుతారా అంటే, నేను ఆ లెక్క చూడటం మానేశాను. సర్టిఫికెట్ కోసం వీడియోలు రెండింతల వేగంతో తిప్పేసేవాళ్ళని చూశాక ఆ శాతానికి విలువ ఉందనిపించలేదు. చెక్ ట్రే పాఠం ఒక్కటే చూసి మేత వృథా తగ్గించుకున్న రైతు ఆ లెక్కలో ఫెయిలైనట్టే కనబడతాడు మరి.

మీ కోర్సు దేని గురించో రాయలేదు. ఏదైనా సరే, చాట్‌బాట్ కంటే ముందు ఒక నెల ఉత్త ఫోన్ నంబరొకటి పెట్టి, వచ్చిన ప్రతి ప్రశ్ననీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకోండి. సరిదిద్దకండి. మూడొందలు పోగయ్యాక చాట్‌బాట్ కట్టేవాళ్ళని పిలిచి, ముందు ఆ పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టండి. మా పుస్తకం రాస్తున్నది ఇప్పుడు ఆ కుర్రాడే. పోయిన వారం "రొయ్య గుంపు కట్టింది" అనే మాట చేర్చి, "ఇదీ గండం మాటే మాస్టారూ, నాన్న చెప్పాడు" అని మెసేజ్ పెట్టాడు. పదిహేనోదిగా పెట్టాం.