మందిరానికి స్లాబు, ఇంట్లో బాకీలు

"అక్కా, వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో చిన్న టౌను. మా వారికి వెల్డింగ్ షాపు ఉంది. పదేళ్ళు తాగారు. నాలుగేళ్ళ కిందట లివరు చెడి ఆసుపత్రిలో పడ్డారు, ఆశ లేదన్నారు. ఒక పాస్టరు గారు అక్కడికే వచ్చి ప్రార్థన చేశారు. లేచి తిరిగారు. మళ్ళీ చుక్క ముట్టలేదు. ఇద్దరం బాప్తిస్మం తీసుకున్నాం. ఇప్పుడాయన సంఘ పెద్ద. సోమవారం గృహ కూటం, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, ఆదివారం సరేసరి. మందిరం స్లాబుకి 50,000 మొక్కుకున్నారు. ఆసుపత్రి ఖర్చుకి మా అన్నయ్య ఇచ్చిన 80,000 అలాగే ఉంది. షాపులో ఇద్దరు కుర్రాళ్ళకి రెండు నెలల జీతం ఆగింది. మా అత్తయ్యకి కంట్లో పొర ముదిరింది, తీసుకెళ్ళడానికి ఈయనకి తీరిక లేదు. అడిగితే 'మొదట ఆయన రాజ్యాన్ని వెదకాలి, నీ నోట సాతాను మాట్లాడుతున్నాడు' అంటారు. ఇంటరు రెండో ఏడు చదివే మా అమ్మాయి ఇక చర్చికి రానంటోంది. ఆయనకి తెలియకుండా బియ్యం డబ్బాలో 11,000 దాచాను. కూటం మా ఇంట్లో అన్నప్పుడల్లా జ్వరమని పాస్టరమ్మ గారికి అబద్ధం చెబుతున్నాను. నాదే అల్పవిశ్వాసమా? పాస్టరు గారితో చెప్పనా? చెప్తే ఈయన పరువేం కావాలి?"

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో "లేచి తిరిగారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పోయాడనుకున్న మనిషి మీ గుమ్మంలోకి నడిచొచ్చాడు. అది మీరు మరిచిపోలేదు, అందుకే ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు. దేవుడు తిరిగిచ్చిన భర్త మీద దేవుడి దగ్గరే ఫిర్యాదేమిటని వెనకాడారు. చేయొచ్చమ్మా. కీర్తనల గ్రంథం నిండా మొరలే కదా. మీది అల్పవిశ్వాసమని నేననుకోను.

మీ గురించి తర్వాత. ముందు ఆయన వైపు నుంచి ఒక్క సంగతి చూడండి. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి బ్రాందీ షాపు వైపు కాళ్ళు లాగే మనిషికి, అదే ఆరున్నరకి చాప పరిచి, పాటల పుస్తకం చేతిలో పెట్టి, "రా బ్రదర్" అని పిలిచే చోటు దొరికింది. ఆ కూటాలు ఆయనకి మందు. కాబట్టి కోపంలో కూడా "చర్చికి వెళ్ళొద్దు" అనకండి. ఇంకొకటి, ఇది నా ఊహే. ఆ 50,000 మొక్కు చెల్లించకపోతే జబ్బు మళ్ళీ వస్తుందని ఆయనకి లోపల భయం ఉండి ఉంటుంది. భయపడే మనిషితో వాదిస్తే ఇంకా బిగుసుకుంటాడు. (లివరు జబ్బు చేసిన మనిషి వారం వారం రోజంతా ఉపవాసం ఉండొచ్చా అన్నది మాత్రం డాక్టరుని అడగాల్సిందే. దీనికి వాక్యం వెతకనక్కర్లేదు, పాత రిపోర్టులు తీసుకుని వెళ్ళండి.)

ఇప్పుడు ఆయన చెప్పే వాక్యం. మత్తయి 6:33ని ఆయన చేతే ఒకసారి బైటికి చదివించండి. "ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి" అని ఉంటుంది. మన వాళ్ళు గోడ మీద రాయించుకునేటప్పుడూ, సంఘంలో లేచి దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేటప్పుడూ రాజ్యం దగ్గరే ఆగిపోతారు. పక్కనే ఉన్న నీతి ఎటు పోతుందో తెలియదు. జీతం అందని కుర్రాడు షాపు ముందు నిలబడితే అక్కడ అడిగేది ఆ నీతినే. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్న మాట ఉంది. కూలివాడే కాదు, కూలి డబ్బే అరుస్తుందట! శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మీ వారి గొంతు ఎంత పైకి లేచినా, ఆ రెండు నెలల జీతం గొంతు దాని పక్కనే వినిపిస్తూ ఉంటుంది.

మొక్కు సంగతీ అంతే. యేసు కాలంలో "కొర్బాను" అని ఒక పద్ధతి ఉండేది. అమ్మానాన్నల పోషణకి అందాల్సినదాన్ని "ఇది దేవుడికి అర్పించేశాను" అని చెప్పి తప్పించుకునేవాళ్ళు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు దాన్ని ఎంత గట్టిగా తిట్టారో మీ వారికి తెలియకుండా ఉండదు, ఎన్నిసార్లు చదివుంటారో. ఆ అధ్యాయాన్ని మీ అత్తయ్య గారి కంటి పక్కన పెట్టి చదివి ఉండరు, అంతే. మీ అన్నయ్యకి ఇవ్వాల్సిన డబ్బు మీ అన్నయ్యది. కుర్రాళ్ళ జీతం కుర్రాళ్ళది. వాళ్ళ డబ్బు తీసుకెళ్ళి స్లాబులో పోస్తే కానుక ఇచ్చింది ఎవరవుతారు?

మా నాయనమ్మ ఒంగోలు దగ్గర పల్లెలో ఉండేది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి మూలనున్న గురిగిలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి. కానీ పక్కింట్లో సోలెడు బియ్యం చేబదులు తెచ్చి ఉంటే, అది తిరిగిచ్చేదాకా గురిగి మూత తీసేది కాదు. "బదులు బియ్యంతో దేవుడికి పెట్టకూడదే" అనేది. ఆవిడకి చదువు రాదు, వాక్యం నంబర్లు అసలే రావు.

అదే గడ్డ మీద జరిగిన సంగతి ఇంకొకటి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకి తీసుకుని జనానికి పని చూపించాడు. అడిగినా ఆ పని నడిచిన రోజుల్లో బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఆ పెద్ద అంకె కన్నా ముందటి ఆగడమే ఎక్కువ నచ్చుతుంది. కూలి లెక్క కూలి లెక్కే, దైవకార్యం దైవకార్యమే. మీ వారి షాపులో ఈ రెండూ కలిసిపోయాయి.

ఇక ఏం చేయాలి? ఆదివారం రాత్రి గానీ, కూటం నుంచి రాగానే గానీ ఈ మాట ఎత్తకండి. అప్పుడాయన ఇంకా ప్రసంగంలోనే ఉంటారు. మంగళవారం మీకు ఖాళీ కదా, షాపు కట్టేసి వచ్చి అన్నం తిన్నాక కూర్చోండి. మూడు బాకీలనీ ఒకేసారి ముందు పెట్టకండి, మగాడు అంకెల గుట్ట చూస్తే కేకలేస్తాడు (మా ఇంట్లోనూ ఇంతే). ఒక్కటే అడగండి: "ఈ శనివారం కుర్రాళ్ళకి ఒక నెల జీతం ఇచ్చేద్దాం. ఆదివారం మీరు సాక్ష్యానికి లేచినప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది." అది అయ్యాక అన్నయ్య బాకీ. నెలకి రెండు వేలైనా సరే, ఒక తేదీన పంపడం మొదలుపెట్టాలి. మీ అన్నయ్యకి డబ్బు కన్నా ఆ మొదటి రెండు వేలు ముఖ్యం. ఇన్నాళ్ళూ ఆయన అడగలేదంటే మీ ముఖం చూసి ఊరుకున్నాడు.

"సాతాను మాట్లాడుతున్నాడు" అంటే తిరిగి మాట అనకండి. "అయితే పాస్టరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్దాం, నోరు ఎవరిదో ఆయనే చెప్తారు" అనండి. పాస్టరు గారికి చెప్పడం గురించి నా మాట ఇదే. మీ వారికి తెలియకుండా వెళ్ళకండి. వెళ్తానని ముందే చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. చాలా మంది పాస్టర్లకి కానుక కవరు కనపడుతుంది గానీ, దాని వెనకాల ఆగిపోయిన జీతం కనపడదు. తెలిస్తే మంచి కాపరి మొక్కుకి గడువు తనే పెంచుతాడు. పరువంటారా, రెండు నెలల జీతం ఆగిన సంగతి ఆ ఇద్దరు కుర్రాళ్ళు టీ కొట్లో ఎప్పుడో చెప్పి ఉంటారు. ఒకవేళ పాస్టరు గారే "ముందు స్లాబు" అంటే, నాకు ఇంకో ఉత్తరం రాయండి. అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం.

చెయ్యి చేసుకున్నారని మీరు రాయలేదు. ఎప్పుడైనా అక్కడిదాకా వస్తే, "లోబడియుండుడి" అన్న వాక్యం చూపించి ఓర్చుకోమనే వాళ్ళ మాట వినకండి. 181కి ఫోన్ చేయండి.

మీ బియ్యం డబ్బా సంగతికొద్దాం. ఆ 11,000 అమ్మాయి చదువుకోసమని నాకు అర్థమైంది. తప్పు పట్టను. కానీ ఎన్నాళ్ళు దాస్తారు? జీతాల మాట తేలాక, "ఇది పిల్ల ఫీజు, దీన్ని ముట్టుకోవద్దు" అని చెప్పి మీ పేరు మీద పోస్టాఫీసులో వేసేయండి. దాచిన డబ్బు మీ చేతికి బలం అవుతుందనుకున్నారు గానీ, మీరు బాకీల గురించి నోరెత్తినప్పుడల్లా అదే మీ గొంతు పట్టుకుంటోంది. జ్వరం అబద్ధం కూడా మానేయండి. "ఈ వారం ముప్పై మందికి టీ పెట్టే ఓపిక లేదమ్మగారూ" అంటే పాస్టరమ్మ గారు ఏమనుకుంటారు? ఆవిడా ఆడదే, వారం వారం టీ పెట్టేదే. వచ్చేవాళ్ళని ఒక ఫ్లాస్కు తెచ్చుకోమనండి.

అమ్మాయిని చర్చికి రమ్మని బతిమాలకండి. పదిహేడేళ్ళ పిల్ల గుడి మీద కోపం పెంచుకుందంటే సాధారణంగా ఇంట్లో ఏదో చూసే ఉంటుంది. వాళ్ళ నాన్నకి తన గ్రూపు ఎంపీసీనో బైపీసీనో గుర్తుందో లేదో ఒకసారి ఆరా తీయండి. గుర్తు లేకపోతే, కాలేజీ పేరెంట్స్ మీటింగుకి ఈసారి మీరు కాదు, ఆయన వెళ్ళాలి. అది శుక్రవారం పడినా సరే.

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో సమాధుల్లో తిరిగే ఒక మనిషి బాగుపడతాడు. యేసు దోనె ఎక్కుతుంటే "నన్నూ నీతో రానీ" అని బతిమాలతాడు. ఎవరైనా అలాగే అంటారు, మీ వారూ అదే అంటున్నారు. యేసు రానివ్వలేదు. నీ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళు, ప్రభువు నీకు చేసింది వాళ్ళకి చెప్పు అన్నాడు. ఈ కథ మీరు ఆయనకి చెప్పకండి, మీరు చెబితే దెప్పినట్టుంటుంది. కుటుంబ ప్రార్థనలో మీ వంతు వచ్చిన రోజు ఆ భాగం చదివి, ఏ వ్యాఖ్యానమూ లేకుండా బైబిలు మూసేయండి.

చివరిగా అత్తయ్య గారి కన్ను. దీనికి డబ్బు సాకు చెప్పడానికి లేదు, సర్కారు ఆసుపత్రిలో కంటి పొర ఆపరేషను ఉచితంగానే చేస్తారు. కావాల్సిందల్లా పక్కన ఒక మనిషి, రెండు మూడు రోజుల తీరిక. ఆలస్యం చేయకండి, పొర ముదిరేకొద్దీ ఆపరేషనూ కష్టమవుతుంది. తేదీ ఖాయమయ్యాక మీరు కాకుండా ఆయనే వెంట వెళ్ళేలా చూడండి. ఇంటికొచ్చాక కొన్ని వారాలు రోజుకి నాలుగైదుసార్లు చుక్కల మందు వేయాల్సి ఉంటుంది. ఆ సీసా మీ చేతిలోకి తీసుకోకండి. వాళ్ళమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, రెప్ప కిందకి లాగి, చెయ్యి వణక్కుండా ఆయన్నే వేయనివ్వండి. వెల్డింగ్ చేసే చెయ్యి కదా, గురి తప్పదు.