బయటివాళ్ల ప్రశ్నలంటే చిరాకెందుకు?

"పుష్కరాలకీ జాతరలకీ వచ్చే బయటివాళ్లు ఇదెందుకు, అదెందుకు అని అడుగుతుంటే మీకు చిరాకు రాదా?" అని అడిగారు. నాకైతే ఏమీ అడగనివాళ్లను చూస్తేనే చిరాకు.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. 2022 ఏప్రిల్‌లో గురుడు మీనరాశిలోకి రాగానే మా ఊరి ప్రాణహిత నదికి పుష్కరాలొచ్చాయి. ఆ ఎండకు ఇసుకలో కాలు పెట్టలేం. నేను నాన్నకు పిండాలు పెడుతుంటే ఒక కుర్రాడు వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సొంతూరు నాసిక్, ఉద్యోగం మీద గడ్చిరోలి వచ్చాడట. "కాకా, ఇక్కడ సాధువులేరీ?" అన్నాడు.

అడగాల్సిన మాటే. గురుడు సింహరాశిలో ఉన్నప్పుడు వాళ్ల ఊళ్లో కుంభమేళా, అఖాడాలనే సాధువుల బృందాలు, ఊరేగింపులు. అదే గురుడికి, అదే గోదావరికి మనవైపు పుష్కరాలు. మన రేవుల్లో ఉండేది పెద్దలకు నీళ్లు వదలడానికి వచ్చిన సంసారులే. పుష్కరం గృహస్థుల పండగ అని నా గట్టి అభిప్రాయం, ఎవరేమన్నా సరే.

పంతులుగారికి తొందర, వెనక ఇంకో బ్యాచ్ కూర్చుంది. గాలికి లేచిపోతున్న మోదుగాకు డొప్పను ఆ అబ్బాయే అదిమి పట్టుకున్నాడు. వేళ్లకు నల్ల నువ్వులు అంటుకున్నాయి. తండ్రివైపు, తల్లివైపు అయ్యాక పంతులుగారు "గురువులు, స్నేహితులు పోయినవాళ్లుంటే చెప్పండి" అని గబగబా దాటేయబోయారు. నేను మరాఠీలో చెప్పగానే అతను "స్నేహితులకు కూడానా?" అని ఆగిపోయాడు. "ఎవరూ లేనోళ్లకు కూడా పెడతరు బిడ్డా" అంది అమ్మ. అన్నాక ఆమెకే గుర్తొచ్చింది, వంతెన లేని రోజుల్లో మమ్మల్ని కాళేశ్వరానికి దాటించిన పడవాయన. పేరు చెప్పింది. గోత్రం తెలీదంటే కాశ్యప గోత్రం చెప్పించారు. ఆ కుర్రాడు అడక్కపోతే ఆ పిండం పడేదే కాదు.

ఇక మనవాళ్ల సంగతి. చుట్టం ఒకాయన ప్రాణహితలో మునిగి "గోదావరి పుష్కర స్నానం" అని స్టేటస్ పెట్టాడు. వార్ధా, వైన్‌గంగా కలిస్తే వచ్చే నది ఇది, దీని పుష్కరం వేరు అంటే "ఏదైతేనేం, నీళ్లేగా" అన్నాడు. షాంపూ ప్యాకెట్లు, తడి బట్టలు రేవులోనే వదిలేసి పోయేది కూడా ఈ బాపతే.

"గురుడు ఏడాది పాటు ఆ రాశిలో ఉంటాడు కదా, ఈ పన్నెండు రోజులకే ఇంత తోపులాట ఎందుకు?" అని కూడా అడిగాడు ఆ నాసిక్ కుర్రాడు. చివరి పన్నెండు రోజులు అంత్య పుష్కరం ఉందనీ, అప్పుడు రేవంతా ఖాళీగా ఉంటుందనీ చెప్పాను. 2027లో గోదావరి పుష్కరాలకు నాసిక్ జనంలో నలిగే బదులు మా ఇంటికే రమ్మన్నాను.

అమ్మ మాత్రం ఊరికే వదల్లేదు. పెళ్లయిందా, జీతమెంత, గడ్చిరోలిలో వంటెవరు చేస్తరు అని వరసబెట్టి అడిగింది. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు పాపం, ఒక్క జీతం తప్ప.